వేదికపై విడ్డూరం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సంగీతోత్సవాలలో అనుకోకుండా ఎదురయ్యే విచిత్రమైన బ్యాండ్ల గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చినందువల్ల శీర్షిక మొత్తాన్నీ ఆ విషయానికే కేటాయిస్తున్నాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట, వివరంగా ఉన్న ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాము.

ప్రశ్న: ఒక సంగీతోత్సవంలో నాకు ఇష్టమైన గాయకుడి కోసం ఎదురుచూస్తూ, ఆయనకంటే ముందు వచ్చిన ఒక బ్యాండును చూడవలసి వచ్చింది. ఏడుగురు సభ్యులూ తలలకు లాంప్‌షేడ్లు తొడుక్కుని వచ్చారు. ఒకాయన రంపాన్ని వంచి వయొలిన్ కమానుతో వాయించారు. మరొకామె కార్యక్రమం పొడవునా ఒక బల్ల దగ్గర నిలబడి బట్టలు ఇస్త్రీ చేస్తూనే ఉన్నారు. గాయకుడు పాట పాడడానికి బదులు ఏదో యంత్రాన్ని వాడే పద్ధతి తెలిపే పుస్తకాన్ని గంభీరంగా చదివారు. మధ్యలో అందరూ ఒక్కసారిగా ఆగిపోయి, చాలాసేపు కదలకుండా నిలబడి, మళ్ళీ ఒక్కసారిగా అందుకున్నారు. మా చుట్టూ ఉన్నవారిలో సగం మంది వెళ్ళిపోయారు. నా మిత్రుడు ఇది సంగీతం రానివాళ్ళు చేసే మోసమన్నాడు. నాకు మాత్రం అక్కడి నుంచి కదలాలనిపించలేదు, ఎందుకో చెప్పలేకపోతున్నాను. దయచేసి చెప్పండి, ఇది కళా, మోసమా?
— ఒక పాఠకుడు

జవాబు: మీ మిత్రుని మాటకు సమాధానం మీ ఉత్తరంలోనే ఉన్నదండీ. ఏడుగురూ కలిసి ఆగి, చాలాసేపు నిశ్శబ్దంగా నిలబడి, తిరిగి ఒకే క్షణాన అందుకున్నారని మీరే రాశారు. సంగీతం రానివారికి చేతకాని పని ఇదే. శబ్దం చేయడం ఎవరికైనా సాధ్యమే. కలిసి ఆగడం మాత్రం ఒకే గదిలో నెలల తరబడి కూర్చొని సాధన చేసినవారికే పట్టుబడుతుంది. అందువల్ల, వేదిక మీద ఉన్నవారికి విద్య ఉన్నదా లేదా అన్న అనుమానం వచ్చినప్పుడు నేను టోపీలనూ గంతులనూ కాసేపు పక్కన పెట్టి, వారు పాటను ఎక్కడ ఆపుతున్నారో, ఎలా ఆపుతున్నారో గమనిస్తాను. డ్రమ్మర్ చేయి గాలిలో ఆగినప్పుడు బేస్ గిటార్ తీగ కూడా అదే క్షణాన మూగబోతే, ఆ పైన జరిగే వెర్రి వేషాలన్నీ తెలిసి చేస్తున్నవేనని నమ్మవచ్చు.

రంపం సంగతి కూడా మీ మిత్రునికి చెప్పండి. పిడిని మోకాళ్ళ మధ్య బిగించి, కొసను ఎడమ చేతితో వంచి, ఆ ఉక్కు రేకు ఒకదానికొకటి ఎదురుగా రెండు వంపులు తిరిగేటట్లు పట్టుకుంటారు. ఆ రెండు వంపుల నడుమ దాదాపు చదునుగా మిగిలే చిన్న భాగం దగ్గర, పళ్ళు లేని అంచు మీద కమాను లాగితేనే అది పలుకుతుంది. వంపు మారినకొద్దీ ఆ చోటు రేకు పొడవునా జరుగుతుంది, దానితోపాటు శ్రుతి మారుతుంది. మెట్లు లేవు, గుర్తులు లేవు. సరైన స్వరం ఎక్కడ ఉన్నదో చెవి ఒక్కటే చెప్పాలి. పైగా మీరు చూసినాయన ఆ పనిని లాంప్‌షేడ్ తలమీద పెట్టుకుని చేశారు, అంటే తన చేతిని తాను సరిగా చూడలేని స్థితిలో చేశారన్నమాట.

ఇస్త్రీ చేస్తున్న ఆమె గురించి ఖచ్చితంగా చెప్పలేను, ఎందుకంటే అసలు విషయాన్ని మీరు రాయలేదు. ఇస్త్రీపెట్టె ఆవిరి బుస్సుమన్న ప్రతిసారీ అది తాళంలో పడిందా? బల్ల కింద ఎక్కడైనా మైకు కనిపించిందా? 1960లలో లండన్ కళాశాలల విద్యార్థులు నడిపిన బోంజో డాగ్ డూ-డా బ్యాండ్‌లో రోజర్ రస్కిన్ స్పియర్ అనే సభ్యుడు ప్యాంట్లు నొక్కే యంత్రాన్నే వాయిద్యంగా మార్చుకున్నారు. 1968లో వెలువడిన వారి రికార్డులో ఆ యంత్రం ఒంటరిగా మోగే ఘట్టం కూడా ఉన్నది. కాబట్టి ఇస్త్రీపెట్టెకు వంశం లేకపోలేదు. ఒకవేళ అది ఏ శబ్దమూ చేయకపోయినా ఆమె అక్కడ అనవసరమని వెంటనే తీర్మానించనక్కరలేదు. ఇంగ్లండుకు చెందిన హ్యాపీ మండేస్ బ్యాండ్‌లో బెజ్ అనే సభ్యుని పని ప్రధానంగా నాట్యమాడడం, మరకాస్ అనే గిలక్కాయల వంటి వాయిద్యాలను ఊపడం. అయినా ఆయన లేకుండా ఆ బ్యాండును ఊహించలేమనే అభిమానులు ఎందరో ఉన్నారు. చుట్టూ ఆరుగురు కేకలు వేస్తుండగా ఒక మనిషి నిదానంగా చొక్కా మడత పెడుతుంటే, ఆ కేకలు మనకు వేరే విధంగా వినిపిస్తాయి. మిమ్మల్ని కదలనివ్వనిది అదే కావచ్చు.

వేషాన్ని తీసివేస్తే సంగీతంలో ఏదైనా లోపిస్తుందా అన్నది నేను వేసుకునే రెండో ప్రశ్న. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 1973లో మొదలైన డీవో బ్యాండును చూడండి. దాని స్థాపకులు కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థులు. 1970 మే 4న అక్కడ యుద్ధ వ్యతిరేక నిరసన సమయంలో నేషనల్ గార్డ్ దళం కాల్పులు జరపగా నలుగురు విద్యార్థులు చనిపోయారు. స్థాపకులలో ఒకరైన జెరాల్డ్ కసాలే ఆ ఘోరాన్ని కళ్ళారా చూశారు. మనిషి పురోగమించడం లేదు, వెనక్కి జారుతున్నాడన్న భావన చుట్టూ వారు బ్యాండును నిర్మించుకున్నారు. అందరికీ ఒకే రకం దుస్తులు, 1980 నుంచి మెట్లు మెట్లుగా ఉండే ఎర్రని టోపీలు, మరబొమ్మల వంటి కదలికలు, ఎక్కడా సడలని లయ, ఇవన్నీ ఆ ఒక్క భావనకు శాఖలు. ఆ టోపీ తీసేస్తే పాట బతుకుతుంది గాని అందులోని వెక్కిరింత సగం పోతుంది. అదేవిధంగా రెసిడెంట్స్ అనే బృందం, కంటిగుడ్డు ఆకారపు ముసుగుల మీద పొడవాటి టోపీలు పెట్టుకుని, దశాబ్దాల పాటు సభ్యుల పేర్లు బయటపెట్టకుండా పనిచేసింది. అభిమానించడానికి ముఖం దొరకనప్పుడు శ్రోతకు మిగిలేది శబ్దమే.

దీనికి భిన్నంగా, వేషాన్ని దుకాణం ముందరి బోర్డులా మాత్రమే వాడుకునే బ్యాండ్లూ కొల్లలు. మొదటి పాటకు నోరు తెరుచుకుని చూస్తాము, రెండో పాటకు ఫోను తీస్తాము, మూడో పాటకు అదే గంతు మళ్ళీ వస్తే కాళ్ళ నొప్పులు గుర్తుకు వస్తాయి. అందుకే ఏ వింత బ్యాండుకైనా మూడు పాటల గడువు ఇవ్వండి. విచిత్రం మూడో పాటకు కొత్త మలుపు తిరిగితే అక్కడ ఆలోచన ఉన్నట్టు. తిరగకపోతే అవి బట్టలు మాత్రమే.

సగం మంది వెళ్ళిపోవడాన్ని ఆ బ్యాండు ఓటమిగా లెక్కించకండి. ఉత్సవంలో ఎదురుగా నిలబడినవారు ఆ బ్యాండు కోసమే టికెట్టు కొన్నవారు కారు. చాలామంది తరువాతి గాయకుని కోసమో, కూర్చునే చోటు కోసమో వచ్చి ఉంటారు. తనకు ఏమాత్రం సంబంధం లేని జనం ముందు తెలియని పాటలతో నిలబడడం మామూలు బ్యాండుకే కష్టం. తన అభిమానులతో నిండిన చిన్న హాలులో ఇదే కార్యక్రమం చూస్తే మీకు దీని సగం బలమే కనిపించి ఉండేదని నా అనుమానం, ఎందుకంటే అక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు.

ప్రశ్న: ఈ వింత పోకడలన్నీ సామాజిక మాధ్యమాలు వచ్చిన తరువాత, వీడియోల కోసం మొదలైనవి కావా? పూర్వం సంగీతకారులు సంగీతాన్ని నమ్ముకునేవారు.
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: కావండీ మాష్టారూ. 1913లో ఇటలీ చిత్రకారుడు లుయిజీ రుసోలో, కర్మాగారాల, ట్రాముల చప్పుళ్ళు కూడా సంగీతానికి ముడిసరుకేనని ప్రకటించి, పెట్టెలకు కొమ్ముబూరలు తగిలించిన శబ్దయంత్రాలను తయారుచేశారు. 1914లో మిలాన్ నగరంలో వాటితో కచేరీ చేసినప్పుడు ప్రేక్షకులకూ కళాకారుల పక్షం వారికీ చేయి చేయి కలిసింది. 1940లలో స్పైక్ జోన్స్ బృందం పిస్తోళ్ళనూ పశువుల మెడలోని గంటలనూ వాయిద్యాలుగా వాడి, ప్రసిద్ధమైన పాటలను వెక్కిరించింది. ఆ తుపాకీ చప్పుళ్ళు కూడా సరైన మాత్రలో పడవలసిందే.

నేను అందరికంటే ముందు చెప్పదలచినది సన్ రా గురించి. 1914లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో హెర్మన్ బ్లౌంట్‌గా పుట్టిన ఈ పియానో కళాకారుడు, తాను శని గ్రహానికి చెందినవాడినని చెప్పుకుని, 1952లో చట్టబద్ధంగా పేరు మార్చుకున్నారు. మెరిసే అంగీలు, ఈజిప్టు తరహా తలపాగాలు ధరించిన ఆయన ఆర్కెస్ట్రా జాజ్ సంగీతాన్ని అంతరిక్షయానంగా వేదికకెక్కించింది. చూసి నవ్వినవారు చాలామంది. అయితే నల్లజాతివారికి ఈ భూమి మీద గౌరవమైన చోటు దొరకని కాలంలో, అదే జాతికి చెందిన ఒక కళాకారుడు నేను ఈ గ్రహం వాడినే కాదని ప్రకటించడంలోని చురకను గమనించినవారికి నవ్వు గొంతులో ఆగిపోయింది. వాద్యకారులు ఆయనతో కలిసి ఒకే ఇంట్లో ఉంటూ, ఏ వేళనైనా పిలుపు వస్తే సాధనకు కూర్చునేవారు. 1993లో ఆయన మరణించిన తరువాత కూడా ఆ బృందం ఆగలేదు. 1924లో పుట్టిన శాక్సఫోన్ విద్వాంసుడు మార్షల్ అలెన్ 1995 నుంచి దానికి నాయకత్వం వహిస్తూ వచ్చారు, నూరేళ్ళు నిండిన తరువాత కూడా వాయించారు.

ఆ దారిలోనే జార్జ్ క్లింటన్ నడిపిన పార్లమెంట్-ఫంకడెలిక్ బృందం 1976లో వేదిక మీదికి ఒక అంతరిక్ష నౌకను దించింది. ఆ నౌకకు 1990లలో తయారైన ప్రతిరూపం ఇప్పుడు వాషింగ్టన్‌లో, ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతులకు సంబంధించిన స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నది. వీడియోల కోసం అయితే ఇంత ఖర్చుకు అప్పట్లో ఎవరూ పూనుకునేవారు కారు. ఇప్పటివారిలో వీడియో కోసమే చేసేవారు లేరని మాత్రం నేను అనను.

ప్రశ్న: ఇటువంటి బ్యాండ్లు ముందుగా సాధన చేస్తాయా, అప్పటికప్పుడు తోచినది వాయిస్తాయా?
— ఒక పాఠకురాలు

జవాబు: రెండూ ఉంటాయి. వినడానికి ఎంత గందరగోళంగా ఉంటే అంతగా అప్పటికప్పుడు పుట్టినదనుకోవడం మాత్రం పొరపాటు. కెప్టెన్ బీఫ్‌హార్ట్ అనే అమెరికన్ గాయకుడు 1969లో వెలువరించిన ‘ట్రౌట్ మాస్క్ రెప్లికా’ ఆల్బమ్ వింటే నలుగురు నాలుగు వేరే పాటలు వాయిస్తున్నట్టు తోస్తుంది. నిజానికి ఆయన బృందం ఒక అద్దె ఇంట్లో దాదాపు ఎనిమిది నెలలు కఠినమైన పరిస్థితులలో ఆ ముక్కలన్నిటినీ కంఠతా పట్టినట్టు సాధన చేసింది. అందువల్లనే స్టూడియోలో వాద్యభాగాలలో చాలా వాటిని కొద్ది గంటలలో పూర్తి చేయగలిగింది.

ఆ రికార్డుకు నిర్మాత అయిన ఫ్రాంక్ జప్పా పద్ధతి వేరు. తన బ్యాండుకు చేతి సైగలు నేర్పించారు. పాట నడుమ ఆయన తల పక్కన వేళ్ళతో జడ మెలితిప్పుతున్నట్టు చూపితే, బ్యాండు అంతా అదే పాటను ఆ క్షణం నుంచి రెగే అనే జమైకా సంగీత ధోరణిలోకి మార్చాలి. ఎప్పుడు మార్చాలన్నది అప్పటికప్పటి నిర్ణయమే గాని, మార్చగలగడం వెనుక ఏళ్ళ తరబడి చేసిన కసరత్తు ఉన్నది. ఇటువంటి బ్యాండు ఎదురైనప్పుడు గాయకుని ముఖం మీద కంటే, మిగతావారి చూపు ఎవరి మీద ఉన్నదో చూడండి. అందరూ ఒకరినే కనిపెట్టుకుని ఉంటే అక్కడ సైగల భాష నడుస్తున్నదన్నమాట. ఏడక్షరాల నడక, అంటే మనకు మిశ్రచాపుగా తెలిసినటువంటిది, ఉన్నట్టుండి అయిదుకు మారినప్పుడు ఈ చూపులు మరింత బాగా కనిపిస్తాయి.

ప్రశ్న: ఉత్సవంలో విని మైమరచిపోయిన బ్యాండు రికార్డును ఇంటికి వచ్చి వింటే చప్పగా ఉన్నది. లోపం నాలో ఉన్నదా?
— ఒక పాఠకుడు

జవాబు: మీలో లేదు, చాలావరకు రికార్డులోనూ లేదు. వియన్నాలో 1998లో మొదలైన కూరగాయల ఆర్కెస్ట్రా ఉన్నది. క్యారెట్లకు రంధ్రాలు తొలిచి పిల్లనగ్రోవులుగా, గుమ్మడికాయలను డప్పులుగా, ఉల్లికాడల వంటి లీక్‌లను వయొలిన్‌లుగా వాడతారు. వాయిద్యాలను కచేరీ రోజునే తాజాగా చెక్కుతారు, ఎందుకంటే కూరగాయ ఎండినకొద్దీ ధ్వని మారిపోతుంది. కార్యక్రమం చివర ప్రేక్షకులకు కూరగాయల సూప్ ఇస్తారు. దాని రికార్డింగులో వినిపించేది సన్నని కీచుమనే ధ్వనులూ మెత్తని దెబ్బలూ. ఆ శబ్దం ఒక క్యారెట్టు నుంచి వస్తున్నదని కంటికి తెలిసినప్పుడు కలిగే ఆనందాన్ని రికార్డు ఇవ్వలేదు.

ఫ్లేమింగ్ లిప్స్ అనే అమెరికన్ బ్యాండు ఈ సమస్యను తలకిందులు చేసి చూసింది. 1997లో ఆ బ్యాండు ఒకే ఆల్బమ్‌ను నాలుగు సీడీలుగా విడుదల చేసి, నాలుగింటినీ నాలుగు ప్లేయర్లలో ఒకేసారి మొదలుపెట్టి వినమన్నది. ఏ రెండు ప్లేయర్లూ సరిగ్గా ఒకే వేగంతో తిరగవు కనుక ప్రతిసారీ కొద్దిగా తేడా వస్తుంది. వినాలంటే నలుగురు మనుషులో నాలుగు చేతులో కావాలి. రికార్డు వినడాన్నే ఒక కార్యక్రమంగా మార్చారన్నమాట. మీ బ్యాండు అటువంటి ప్రయత్నం చేయకపోతే, స్టూడియో రికార్డుకు బదులు వారి ప్రత్యక్ష కచేరీ వీడియో చూడండి. అప్పటికీ చప్పగానే ఉంటే, ఆ సాయంత్రానికే సరిపోయే బ్యాండు అనుకుని ఊరుకోవచ్చు.

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్ళు. రంగురంగుల వేషాలు వేసే ఒక బ్యాండు ఉత్సవానికి వస్తున్నది, తీసుకువెళ్ళమని పట్టుబడుతున్నది. శబ్దం, జనం తలచుకుంటే భయంగా ఉన్నది. ఎక్కడ నిలబడితే మంచిది?
— ఒక తల్లి

జవాబు: తీసుకువెళ్ళండమ్మా, పిల్లలకు ఇటువంటి బ్యాండ్లు పెద్దలకంటే తొందరగా అర్థమవుతాయి. అయితే మూడు విషయాలలో జాగ్రత్త అవసరం.

మొదటిది చెవులు. పనిచేసే చోట శబ్దానికి అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సూచించిన పరిమితి 8 గంటలకు 85 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు సమయాన్ని సగానికి తగ్గించాలి, అంటే 100 డెసిబెల్స్ వద్ద మిగిలేది సుమారు 15 నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీ వేదికలకు సూచించిన గరిష్ఠ స్థాయి, 15 నిమిషాల సగటున, అదే 100 డెసిబెల్స్. కనుక పాపకు దూది సరిపోదు. పిల్లల తలకు సరిపడే, చెవులను పూర్తిగా మూసే ఇయర్‌మఫ్స్ కొనండి, మీరు ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. ఇంటి దగ్గరే ఒకటి రెండుసార్లు పెట్టి అలవాటు చేయకపోతే అక్కడ మొదటి పాటకే తీసి పారేస్తుంది.

రెండవది మెరుపు దీపాలు. కొందరికి వేగంగా ఆరి వెలిగే కాంతి మూర్ఛను కలిగిస్తుంది. సెకనుకు 3 నుంచి 30 సార్లు మెరిసే కాంతి ఎక్కువ ప్రమాదకరం. పాపకు గాని మీ కుటుంబంలో ఎవరికైనా గాని మూర్ఛ ఉంటే ముందుగా వైద్యుని అడగండి, అటువంటి దీపాలు వాడతారా అని నిర్వాహకులనూ అడగండి. అక్కడ ఉన్నట్టుండి ఇబ్బంది అనిపిస్తే, కళ్ళు మూసుకోవడం కంటే ఒక కంటిని అరచేతితో పూర్తిగా కప్పి, కాంతికి ముఖం తిప్పుకోవడం మేలు.

మూడవది జనం. 2000 జూన్ 30న డెన్మార్క్‌లోని రోస్కిల్డే ఉత్సవంలో వేదిక ముందు జరిగిన తొక్కిసలాటలో 9 మంది యువకులు చనిపోయారు. ఆ తరువాత చాలా ఉత్సవాలు కంచెల అమరికను మార్చుకున్నాయి గాని, పిల్లలతో వేదిక ముందు నడిమి భాగానికి వెళ్ళకూడదన్న మాటలో మార్పు లేదు. వర్జీనియాకు చెందిన గ్వార్ వంటి బ్యాండ్లు ముందు వరుసల మీద ఎర్రని నకిలీ రక్తం చిమ్ముతాయన్నది వేరే విషయం. మీ పాప చూడబోయే బ్యాండు అంత దూరం పోదనే నా నమ్మకం, అయినా ముందుగా ఒక వీడియో చూసుకోండి.

నిలబడడానికి అన్నిటికంటే మంచి చోటు, మైదానం మధ్యలో సౌండ్ ఇంజనీరు కూర్చునే పందిరికి కొంచెం ముందుగానో పక్కగానో. ఆయన తన చెవికి వినిపించేదాన్ని బట్టే శబ్దాన్ని సరిచేస్తాడు కనుక అక్కడ వినిపించేదే బ్యాండు ఉద్దేశించిన ధ్వని. ఆ పందిరికి రక్షణగా కట్టిన కంచె వెనుక నుంచి వచ్చే తోపులాటను కొంత అడ్డుకుంటుంది కూడా. మరీ వెనక్కి పోతే ఇంకో చిక్కు ఉన్నది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది, కాబట్టి 100 మీటర్ల దూరంలో ఉన్నవారికి డ్రమ్మర్ పుల్ల తగిలినది కనిపించాక దాదాపు 0.3 సెకన్లకు చప్పుడు వినిపిస్తుంది. దూరంగా స్తంభాల మీద కట్టే స్పీకర్లను వేదిక నుంచి వచ్చే ధ్వనితో కలిసేటట్లు కావాలనే ఆలస్యంగా మోగిస్తారు, అందువల్ల స్పష్టత పెరుగుతుంది గాని కంటికీ చెవికీ మధ్య ఎడం పోదు. మామూలు పాటకు ఇది పెద్ద లోపం కాదు. ఒక గెంతు, ఒక దెబ్బ, ఒక కేక ఒకే క్షణాన పడడంలోనే సరదా ఉన్న బ్యాండుకు మాత్రం ఆ ఎడం సగం హాస్యాన్ని మింగేస్తుంది.

ప్రశ్న: గాయకుడు జనంలోకి దిగి ఎవరినో ఒకరిని పట్టుకుని పాడించడం, ఆడించడం చూశాను. నాకు సిగ్గు ఎక్కువ. నన్ను పిలిస్తే ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: చిరునవ్వుతో తల అడ్డంగా ఊపి, పక్కవారివైపు చేయి చూపండి. అనుభవమున్న గాయకులు నిరాకరణను వెంటనే పసిగట్టి ముందుకు సాగుతారు, ఎందుకంటే ఇష్టం లేని మనిషిని వేదిక మీదికి లాగితే కార్యక్రమం వేడి చల్లారిపోతుందని వారికి తెలుసు. మీ భుజం మీద చేయి వేసి బలవంతం చేసేవారి పట్ల మర్యాద పాటించవలసిన అవసరమే లేదు. ఫ్లేమింగ్ లిప్స్ గాయకుడు వేన్ కోయిన్ 2004లో అమెరికాలోని కోచెల్లా ఉత్సవంలో పెద్ద పారదర్శకమైన గాలిబుడగలో దూరి జనం తలల మీదుగా దొర్లుకుంటూ వెళ్ళారు. అటువంటిది మీ మీదికి వస్తే మాత్రం సిగ్గు పక్కన పెట్టి రెండు చేతులూ పైకెత్తండి, లేకపోతే తల మీద పడుతుంది.

ప్రశ్న: మేము అయిదుగురం కలిసి బ్యాండు పెట్టుకున్నాము. త్వరలో ఒక ఉత్సవంలో మాకు 30 నిమిషాలు ఇచ్చారు. ముసుగులు వేసుకుని, వేదిక మీద చిన్న మంట వెలిగించి, పాత టైపు మిషన్లను వాయిద్యాలుగా వాడాలని ఆలోచన. మీ సలహా కావాలి సార్.
— ఒక కళాశాల విద్యార్థి

జవాబు: టైపు మిషన్లు ఉంచుకోండి బాబూ, మంట వదిలేయండి. 1968లో బ్రిటన్‌లో అగ్రస్థానానికి చేరిన పాటతో పేరు తెచ్చుకున్న ఆర్థర్ బ్రౌన్, తలమీద మండుతున్న కిరీటంతో పాడేవారు. 1967లో విండ్సర్‌లో జరిగిన ఉత్సవంలో ఆ ఇంధనం ఒలికి ఆయన తలకే నిప్పు అంటుకుంది; పక్కనున్నవారు చేతిలోని బీరు పోసి ఆర్పారు. ఇప్పుడు నిర్వాహకులు అగ్నిమాపక శాఖ అనుమతి లేకుండా అగ్గిపుల్ల కూడా గీయనివ్వరు, మంచిదే. 1984 జనవరిలో లండన్‌లోని ఐసీఏ అనే కళాకేంద్రంలో ఐన్‌స్టుర్జెండె నాయ్‌బౌటెన్ అనే జర్మన్ బ్యాండు సభ్యులు పాల్గొన్న కచేరీలో డ్రిల్లింగ్ యంత్రాలతో వేదికనే తొలవడం మొదలుపెట్టేసరికి కార్యక్రమాన్ని మధ్యలోనే ఆపేశారు. చరిత్రలో నిలిచిపోయారు, నిజమే, కాని 30 నిమిషాలు మాత్రమే దొరికిన మీకు 10 నిమిషాలకే కరెంటు తీసేస్తే ఏం మిగులుతుంది?

ముసుగుల గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే కొత్త బ్యాండ్లు దెబ్బతినేది ఇక్కడే. ముసుగు చెవులను కప్పుతుంది. మీ గొంతు మీకు లోపల పెద్దగా, డ్రమ్స్ బయట చిన్నగా వినిపించి శ్రుతీ లయా రెండూ జారిపోతాయి. నోటికీ మైకుకూ మధ్య అట్ట ఉంటే మాటలు ముద్దగా తయారవుతాయి. ముసుగు లోపల అతికించుకునే చిన్న మైకు దొరికితే సరి, లేకపోతే నోటి దగ్గర ధారాళంగా కోసేయండి. ఊపిరికి కూడా దారి ఉండాలి, దీపాల వేడికి లోపల చెమట కళ్ళలోకి కారుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఒకరి కళ్ళు ఒకరికి కనిపించవు కనుక ఇంతకాలం కనుసైగలతో నడిపిన ఆగుళ్ళూ మలుపులూ అన్నీ భుజం కదలికకో, గిటార్ మెడ పైకెత్తడానికో మార్చుకోవాలి. అందుచేత పూర్తి వేషంతో, పూర్తి శబ్దంతో, 30 నిమిషాలూ ఆపకుండా చేసే సాధన ఒకటి రెండు రోజులు కాదు, అలవాటైపోయేదాకా చేయండి. కూర్చొని టీ షర్టులతో వాయించినది లెక్కలోకి రాదు.

ఉత్సవంలో మీ వంటివారికి విడిగా శబ్దం సరిచూసుకునే అవకాశం సాధారణంగా ఇవ్వరు. ముందు బ్యాండు దిగిన తరువాత దొరికే కొద్ది నిమిషాలలో ప్రతి మైకూ పనిచేస్తున్నదో లేదో చూసుకోవడంతోనే సరిపోతుంది. టైపు మిషన్‌కు ఏ మైకు, ఎక్కడ, ఎన్ని కావాలో కాగితం మీద బొమ్మ గీసి వారం ముందే సౌండ్ ఇంజనీరుకు పంపండి. అక్షరం మీట చప్పుడు చిన్నది. బల్లకు అతికించే కాంటాక్ట్ మైకు పెడితే డ్రమ్స్ నడుమ కూడా వినిపిస్తుంది. వరుస చివర మోగే గంటను పాటలో ఏ మాత్రలో పడేటట్లు చేయాలో ముందే లెక్క వేసుకోండి, అది తప్పితే జనం నవ్వరు, సరిగ్గా పడితే ప్రతిసారీ నవ్వుతారు. బ్యాండు దిగేటప్పుడు మీ మిషన్లను మీరే, మిగతావారి సమయం తినకుండా, కిందికి చేర్చుకోవాలి. అయిదుగురికీ మోయవలసిన బరువును ముందే పంచండి.

ప్రశ్న: నచ్చని బ్యాండు నడుమ లేచిపోవడం అమర్యాద కాదా?
— ఒక పాఠకుడు

జవాబు: ఉత్సవంలో కాదు. పాట అయిపోయేదాకా ఆగి, చప్పట్లు మోగుతున్నప్పుడు, వేదికకు అడ్డంగా కాక పక్కదారిన వెళ్ళిపోండి. ముందు వరుసలో నిలబడి, వీపు చూపించి, ఫోనులో మాట్లాడుకుంటూ తరువాతి గాయకుని కోసం చోటు కాపలా కాసేవారే నిజానికి ఆ బ్యాండునూ వెనుకవారినీ కూడా ఇబ్బంది పెట్టేది. వెళ్ళదలచుకుంటే మొదటి పాటకు కాకుండా మూడో పాట తరువాత వెళ్ళండి; ఎందుకో పై జవాబులలో ఒకదానిలో రాశాను. ఇక, బ్యాండు కావాలని పెట్టిన నిశ్శబ్దం నడుమ మాత్రం కదలకండి, అప్పుడు మీ చెప్పుల చప్పుడు కూడా పాటలో భాగమై అందరికీ వినిపిస్తుంది.